మూడు తుపాకి గుళ్ళు చూసి లోడ్ దొరికింది అనకండి

టార్గెట్ కాగితం మీద మూడు చిల్లులు ఒకదానికొకటి ఆనుకుని పడగానే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి, ఇదే నా రైఫిల్‌కి సరిపోయే లోడ్ (తూటాలోని మందు, బుల్లెట్ వగైరాల కూర్పు) అని తేల్చేసే అలవాటు తప్పు అని నా గట్టి అభిప్రాయం. ఏ రైఫిల్ విషయంలోనైనా తప్పే, కానీ బ్లాక్ పౌడర్, అంటే మన పాత తుపాకిమందుతో కాల్చే సింగిల్ షాట్ (ఒకసారికి ఒకే తూటా పట్టే) రైఫిల్ విషయంలో మరీ తప్పు. దానికి కారణాలు ఉన్నాయి, కొన్ని లెక్కకు సంబంధించినవి, కొన్ని బ్యారెల్ లోపల పేరుకునే మసికి సంబంధించినవి. రెండూ రాస్తాను.

నాకెందుకు ఈ గొడవ అంటే, మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో, పీణ్యలో ఒక మెషిన్ పార్టుల ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో. రోజంతా పార్టుల్లోని రంధ్రాలు (బోర్‌లు) కొలవడం, కొలతల్లో ఎంత తేడా సహజమో, ఎంత తేడా వస్తే మెషిన్ ఆపాలో తేల్చడం నా పని. మా మేనత్త కొడుకు కొలరాడోలో ఉంటాడు. చాలాకాలం ఎదురుచూసి, మోంటానాలో తన కొలతలకు తగ్గట్టు ఒక సింగిల్ షాట్ రైఫిల్ చేయించుకున్నాడు, పాతకాలపు షార్ప్స్ కంపెనీ 1874 నమూనాలో, .45-70 కాలిబర్‌లో. ఆయన కాలుస్తాడు, టార్గెట్లు స్కాన్ చేసి పంపుతాడు, నేను ఇక్కడ కూర్చుని లెక్కలు వేస్తాను. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకిమందు ఉంచుకోవడం, తూటాలు సొంతంగా తయారు చేసుకోవడం నేరం కాబట్టి నా చేతికి ఎప్పుడూ ఆ మందు అంటలేదు. ఆదివారాల్లో నేను కాల్చేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు ఇక్కడ బెంగళూరులో కూడా రోజూ జరుగుతోంది.

ముందు రైఫిల్ గురించి కొంచెం. .45-70 అంటే 1873లో అమెరికన్ సైన్యం తీసుకున్న తూటా. 0.45 అంగుళం బుల్లెట్, 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్. గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు, అంటే 70 గ్రెయిన్లు సుమారు నాలుగున్నర గ్రాములు. మొదట బుల్లెట్ బరువు 405 గ్రెయిన్లు, తర్వాత 500 గ్రెయిన్లది కూడా వచ్చింది, అది 32 గ్రాములు దాటుతుంది. ఇంత బరువైన సీసం ముద్ద సెకనుకు 1200 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ఇప్పటి రైఫిళ్ల లెక్కలో ఇది చాలా తక్కువ వేగం. అయినా ఈ రైఫిల్‌తో 500 మీటర్ల దూరంలో ఇనుప పొట్టేలు బొమ్మను పడగొట్టే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. న్యూ మెక్సికోలోని రటోన్ దగ్గర 1985లో మొదలైన ఆ సిల్హౌట్ పోటీలో 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు ఉంటాయి. రైఫిల్ బరువు 12 పౌండ్ల 2 ఔన్సులు దాటకూడదు. మా బావ లక్ష్యం ఆ పోటీయే.

ఇప్పుడు "లోడ్" అంటే ఏమిటన్న దగ్గరే చాలామంది పొరపడతారు. మందు ఎన్ని గ్రెయిన్లు అన్నదే లోడ్ అనుకుంటారు. నిజానికి ఈ రైఫిల్లో మందు బరువుతో మనకు ఆడుకునే చోటు పెద్దగా ఉండదు. బ్లాక్ పౌడర్‌కీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ గాలి ఉండకూడదు, ఉంటే బ్యారెల్ ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. అందుకే పొడుగాటి గొట్టంలోంచి మందును సన్నగా కేస్‌లోకి (తూటా ఇత్తడి గుల్లలోకి) జారవిడుస్తారు, గింజలు దగ్గరగా సర్దుకుంటాయి, పైన ఒక వాడ్ (పలుచటి బిళ్ల) పెట్టి డై అనే పనిముట్టుతో కొంచెం అదుముతారు. ఎంత అదమాలి అన్నది మందు రకాన్ని బట్టి మారుతుంది. స్విస్ బ్రాండు మందుకి కొంచెం చాలంటారు, గోయెక్స్ బ్రాండుకి ఇంకా గట్టిగా అదమాలంటారు. తర్వాత గింజ సైజు, బుల్లెట్‌లో సీసానికీ తగరానికీ నిష్పత్తి (ఇరవైకి ఒకటా, ముప్పైకి ఒకటా), బుల్లెట్ గాడుల్లో పట్టే కొవ్వు, ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ), వాడ్ మందం. సీసం మెత్తగా ఉండడం ఇక్కడ అవసరం, ఎందుకంటే మందు అంటుకున్న దెబ్బకి బుల్లెట్ అడుగు కొంచెం పొంగి బ్యారెల్ గాడులను నింపుకుంటుంది. వీటిలో ప్రతిదీ ఫలితాన్ని మారుస్తుంది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే రాయాలి: బ్లాక్ పౌడర్ కొలతలో పొగలేని మందు (ఇప్పటి తూటాల్లో వాడేది) పోయడం అంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. ఏ కొలతైనా అచ్చయిన మాన్యువల్ నుంచే మొదలుపెట్టాలి.

కానీ వీటన్నిటికన్నా ముఖ్యమైనది మసి.

పొగలేని మందు దాదాపు అంతా గ్యాస్‌గా మారిపోతుంది. బ్లాక్ పౌడర్ అలా కాదు. సురేకారం (పొటాషియం నైట్రేట్), బొగ్గు, గంధకం కలిసి కాలాక బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ లాంటివి. కొంత పొగగా బయటికి పోతుంది, కొంత బ్యారెల్ గోడలకు అంటుకుంటుంది. అంటే రెండో గుండు వెళ్లే బ్యారెల్, మొదటి గుండు వెళ్లిన బ్యారెల్ ఒకటి కాదు. పదో గుండుకి ఇంకొకటి. ఆ మసికి తేమ పీల్చుకునే గుణం ఉంది. గాలిలో తేమ ఉంటే మెత్తగా, జిడ్డుగా ఉంటుంది, తర్వాతి బుల్లెట్ దాన్ని తోసుకుంటూ పోతుంది. గాలి పొడిగా ఉండి బ్యారెల్ వేడెక్కితే అదే మసి గట్టిపడి పెచ్చులా తయారవుతుంది. మెత్తటి సీసం దాని మీద గీసుకుంటూ వెళ్తుంది, ఆకారం చెడుతుంది, గురి చెదురుతుంది. కొలరాడోలో ఉదయం తొమ్మిదికి బాగా పడుతున్న గుళ్ళు పదకొండుకి ఎందుకు చెల్లాచెదురు అవుతున్నాయని బావ మొదట్లో తెగ టెన్షన్ పడేవాడు. మందు మార్చాలా, ప్రైమర్ మార్చాలా అని అడిగేవాడు. నేను గాలి తేమ, ఉష్ణోగ్రత కూడా రాసి పంపమన్నాను. ఆ రెండు నిలువు వరుసలు వచ్చాక గుళ్ళ దూరం వాటి వెంటే నడుస్తోందని స్పష్టంగా కనపడింది.

అందుకే ఈ రైఫిళ్లు కాల్చేవాళ్లు రెండు పద్ధతుల్లో ఒకటి పాటిస్తారు. ఒకటి, ప్రతి గుండు తర్వాత తడిపిన గుడ్డ ముక్కతో బ్యారెల్ తుడవడం. రెండు, ఒక సన్నటి గొట్టాన్ని బ్రీచ్ వైపు, అంటే తూటా పెట్టే వెనక వైపు నుంచి పెట్టి నోటితో నెమ్మదిగా ఊదడం. ఊపిరిలోని తేమ మసిని మెత్తబరుస్తుంది. వినడానికి నాటు వైద్యంలా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది. పొడి గాలిలో ఎక్కువసార్లు ఊదాలి, తేమ గాలిలో తక్కువ. బుల్లెట్ కొవ్వు చాలినంత ఉందా లేదా అన్నది కాల్చాక బ్యారెల్ మూతి మీద చూస్తే తెలుస్తుంది, అక్కడ నక్షత్రం ఆకారంలో జిడ్డు ముద్ర పడాలి. ఆ ముద్ర పడకుండా మూతి పొడిగా, బూడిద రంగులో ఉందంటే చివరి అంగుళాల్లో కొవ్వు అయిపోయిందని అర్థం.

నేను బావతో పదే పదే వాదించేది ఇదే. ఎన్నిసార్లు ఊదావు, ఎంత నెమ్మదిగా ఊదావు, తుడిస్తే గుడ్డ ఎంత తడిగా ఉంది, గుండుకీ గుండుకీ మధ్య ఎంతసేపు ఆగావు, ఇవన్నీ లోడ్‌లో భాగమే. నోట్‌బుక్‌లో మందు 66.0 గ్రెయిన్లు అని దశాంశం దాకా రాసి, ఊపిరి గురించి ఒక్క ముక్క రాయకపోతే ఆ నోట్‌బుక్ సగం ఖాళీయే. ఇక తుడిచిన శుభ్రమైన బ్యారెల్‌తో మూడు గుళ్ళు కాల్చి చూస్తే, మసి ఇంకా పేరుకోకముందే పరీక్ష అయిపోతుంది. పోటీలో కావాల్సింది వరసగా కాల్చే గుళ్ళలో చివరి గుండు కూడా మొదటి గుండులా పోవడం. దాన్ని ఆ మూడు గుళ్ళు అసలు పరీక్షించనేలేదు.

ఇప్పుడు లెక్క. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మనవాళ్ల మాట. అది అన్నానికి నిజం, ఎందుకంటే ఒకే కుండలో, ఒకే నీళ్లలో, ఒకే సెగ మీద ఉన్న మెతుకులన్నీ దాదాపు ఒకేలా ఉడుకుతాయి. గుళ్ళు అలా కావు. ఎంత మంచి లోడ్‌కైనా గుండుకీ గుండుకీ సహజంగా తేడా ఉంటుంది, ఆ తేడా ఎంత అన్నదే మనం కొలవాల్సింది. మూడు గుళ్ళలో అత్యంత దూరంగా పడ్డ రెండింటి మధ్య దూరాన్ని గ్రూప్ అంటాం కదా, అదే రైఫిల్, అదే లోడ్, అదే మనిషి పది గుళ్ళు కాలిస్తే ఆ గ్రూప్ సగటున 1.6 రెట్లు పెద్దదవుతుంది. ఏమీ చెడిపోలేదు, కేవలం ఎక్కువ గుళ్ళు కాల్చడం వల్ల. మూడు గుళ్ళ గ్రూప్‌ని పట్టుకుని ఇంత సన్నగా కాలుస్తుంది అనుకునేవాడు తన రైఫిల్ సత్తాని ఎప్పుడూ ఎక్కువే అంచనా వేస్తాడు.

దీనికన్నా పెద్ద మోసం ఇంకోటి ఉంది. మందు ఒక్కో గ్రెయిన్ పెంచుకుంటూ పది లోడ్లు తయారు చేసి, ఒక్కోదానితో మూడేసి కాల్చి, అన్నిటికన్నా చిన్న గ్రూప్ ఎంచుకోవడం చాలామంది పద్ధతి. నేను కంప్యూటర్‌లో పది లోడ్లకూ సరిగ్గా ఒకే నిజమైన సత్తా ఇచ్చి, మూడేసి గుళ్ళు కాల్పించాను. లోడ్ల మధ్య తేడా సున్నా అయినా, అన్నిటికన్నా పెద్ద గ్రూప్ అన్నిటికన్నా చిన్న గ్రూప్‌కి మామూలుగా సుమారు మూడు రెట్లు వస్తుంది. మీ ముందు ఆ పది కాగితాలు పెడితే, ఇందులో ఒకటి అద్భుతం, ఒకటి పనికిరానిది అని మీరు ప్రమాణం చేసి చెప్తారు. రెండూ ఒకటే. మరుసటి వారం ఆ అద్భుతమైన లోడ్‌తో మళ్లీ కాలిస్తే మామూలుగా పడుతుంది, అప్పుడు గాలి మీదో, కళ్ల మీదో నెపం వేసి మళ్లీ పది లోడ్లు మొదలుపెడతారు. కొంతమంది ఇలా ఏళ్లు గడుపుతారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. శ్రద్ధ ఉంది, చేతిలో మంచి రైఫిల్ ఉంది, కానీ వెతికే పద్ధతి వాళ్లని ఒకే చోట తిప్పుతోంది.

వేగం విషయం కూడా చెప్పాలి. చాలామంది 100 గజాల దగ్గర కాల్చి లోడ్ తేలుస్తారు. ఈ నెమ్మదైన బుల్లెట్ 500 మీటర్లు చేరడానికి సెకనున్నర పైనే పడుతుంది, ఈలోపు పది మీటర్లకు పైనే కిందికి జారుతుంది. వేగంలో 10 అడుగుల తేడా వస్తే 100 గజాల దగ్గర పైకీ కిందికీ తేడా సుమారు అర సెంటీమీటరు, కంటికి ఆనదు. అదే 500 మీటర్ల దగ్గర లెక్క వేస్తే పదిహేను సెంటీమీటర్ల పైమాటే, జానెడుకు కొంచెం తక్కువ. పొట్టేలు వీపు మీదుగా పోవడానికి అది చాలు. కాబట్టి దగ్గర్లో గుండ్రంగా, అందంగా ఉన్న గ్రూప్ దూరంలో నిలువుగా సాగిపోవచ్చు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి వేగాల మధ్య తేడా రాసుకోకుండా దగ్గరి కాగితాన్ని నమ్మడం నాకు అర్థం కాదు.

దీనికి వ్యతిరేకంగా వచ్చే వాదనలు తేలిగ్గా తీసేసేవి కావు. పాతకాలపు గొప్ప షూటర్లకి ఈ గణాంకాలేవీ తెలియవు కదా, వాళ్లు ఎలా కాల్చారు అంటారు. వాళ్లు విపరీతంగా కాల్చారు, అదే జవాబు. కానీ వాళ్ల కాలంలో కూడా చిన్న తేడాని పెద్ద నిర్ణయంగా తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. 1874 సెప్టెంబర్ 26న లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు పోటీ పడ్డాయి. జట్టుకి ఆరుగురు, 800, 900, 1000 గజాల దూరాల్లో మనిషికి పదిహేనేసి గుళ్ళు. ఐరిష్ వాళ్లవి మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు, అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. 1080కి గాను అమెరికా 934, ఐర్లండ్ 931. మూడు పాయింట్లు. ఒక ఐరిష్ షూటర్ గుండు సరిగ్గా నడిబొడ్డున పడింది, కానీ పక్కవాడి టార్గెట్‌లో, దానికి సున్నా ఇచ్చారు. నడిబొడ్డుకి నాలుగు పాయింట్లు. ఆ ఒక్క గుండు తన టార్గెట్ మీద పడి ఉంటే ఐర్లండ్ గెలిచేది. బ్రీచ్‌లోడర్, అంటే వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్లకి ఈ విజయం ఎంతో పేరు తెచ్చింది. జట్టుకి 270 గుళ్ళు కాల్చాక కూడా, ఏ రకం రైఫిల్ మెరుగో ఆ స్కోరు చెప్పలేదు. మరి మూడు గుళ్ళు చెప్తాయా?

ఇంకో వాదన, మూడు గుళ్ళు అసలు పనికిరావా అని. పనికొస్తాయి, తీసేయడానికి. మూడు గుళ్ళే అడుగు దూరం చెదిరితే ఆ లోడ్ మీద ఇంకో గ్రెయిన్ మందు వృథా చేయనక్కర్లేదు, బుల్లెట్ సరిపోలేదో, కొవ్వు చాలలేదో చూసుకుని ముందుకు పోవచ్చు. చెడ్డదాన్ని మూడుతో పట్టుకోవచ్చు, మంచిదాన్ని మూడుతో నిరూపించలేం. బావ ఈ ఒక్క మాటకి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

భుజం నొప్పి వాదన కూడా నిజమే. 500 గ్రెయిన్ల బుల్లెట్ వెనక్కి తన్నే దెబ్బ మామూలుది కాదు, ఒకే కూర్చోవడంలో ముప్పై కాలిస్తే చివరి పది మనిషి అలసటని కొలుస్తాయి గానీ లోడ్‌ని కాదు. అందుకే ఒకే రోజు కాల్చాలని నేను అనను. ఒకే లోడ్‌ని వేరు వేరు ఉదయాల్లో పదేసి కాల్చాలి, అన్ని కాగితాలనూ గురి పెట్టిన బిందువు దగ్గర కలిపి ఒకదాని మీద ఒకటి పేర్చాలి, ప్రతి చిల్లూ మొత్తం మధ్యబిందువు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయాలి. ఇందులో ఏ గుండూ వృథా కాదు, అన్నీ లెక్కలోకి వస్తాయి, ఒక్క చెడ్డ గుండు మొత్తం ఫలితాన్ని శాసించదు. పైగా వేరు వేరు రోజుల గాలి, తేమ అందులో కలిసిపోతాయి, పోటీ రోజు ఎలా ఉంటుందో మనం ఎంచుకోలేం కదా.

మందు లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) గురించి చెప్పకుండా ముగించలేను. బ్లాక్ పౌడర్‌లో ముఖ్యమైన సరుకు సురేకారం, దాని చరిత్రలో మన దేశానికి పెద్ద చోటు ఉంది. బీహార్ మట్టిలోంచి తీసిన సురేకారం ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇంగ్లండు చేరేది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక, తుపాకిమందు తయారుచేసే డ్యుపాంట్ కుటుంబానికి చెందిన లమ్మాట్ డ్యుపాంట్ అమెరికా ప్రభుత్వం తరఫున సురేకారం కొనడానికి ఇంగ్లండు వెళ్లాడు. మరో రకం నైట్రేట్ లేక కాదు. అదే డ్యుపాంట్ 1857లో సోడియం నైట్రేట్‌తో పేల్చే మందుకి పేటెంట్ తీసుకున్నాడు, గనుల్లో బాగా పనికొచ్చింది. కానీ సోడియం నైట్రేట్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, తుపాకులకు కుదరదు. అంటే ఈ మందు స్వభావం దాని ముడిసరుకు మీద ఇంతగా ఆధారపడుతుంది. బొగ్గు ఏ చెట్టుదో, ఎలా కాల్చారో కూడా మండే వేగాన్ని, మసిని మారుస్తుంది. అందుకే అదే కంపెనీ, అదే గింజ సైజు అయినా డబ్బా మీద లాట్ నంబర్ మారితే పాత లోడ్ సరిపోతుందనుకోకూడదు, మళ్లీ పరీక్షించాలి. లాట్ నంబర్ రాయని లోడ్ నోట్‌బుక్‌ని నేను నమ్మను.

ఇక బెంగళూరు సంగతి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో నడిబొడ్డు చుక్క అర మిల్లీమీటరు, స్కోరు 10.9 దాకా దశాంశాల్లో లెక్కిస్తారు. కాబట్టి పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) లాట్ పరీక్ష అవసరమే. ప్రపంచస్థాయి షూటర్లు .22 తూటాల కోసం తమ రైఫిల్ తీసుకుని ఎలీ, లాపువా లాంటి కంపెనీల టెస్ట్ రేంజ్‌లకి వెళ్లి, లాట్ తర్వాత లాట్ కాల్చి చూసి కొనుక్కుంటారు. ఇక్కడ రేంజ్‌లలో నేను చూసేది వేరు. పిల్లవాడి రైఫిల్‌ని బిగించి, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల సైజుల పెల్లెట్లు తలా ఐదు కాల్చి, చిన్న గ్రూప్ వచ్చిన డబ్బాలు డజన్ల కొద్దీ కొనమంటారు. తల్లిదండ్రులు ఆ కాగితాన్ని చూసి నమ్ముతారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది, చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చి మారతహళ్ళిలో, వైట్‌ఫీల్డ్‌లో ఉంటూ, హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012లో ఒలింపిక్ కాంస్యం తెచ్చాడు, మావాడూ తేగలడు అని ఆశపడి, నెల జీతంలోంచి తీసి ఖర్చు పెట్టేవాళ్లు. ఐదు పెల్లెట్ల తేడాకి అంత డబ్బు పెట్టించడం అన్యాయం. నేను అడిగేవాళ్లకి చెప్పేది ఒకటే, రెండు లాట్లు మాత్రమే తీసుకోండి, ఒక్కోదానితో యాభై కాల్చండి, సగటు చూడండి. తేడా కనపడకపోతే చవకది కొనండి, మిగిలిన డబ్బుతో పిల్లవాడు ఇంకో వెయ్యి పెల్లెట్లు కాల్చుకుంటాడు, వాడికి ఉపయోగపడేది అదే.

ఎక్కువ గుళ్ళు అంటే ఎక్కువ ఖర్చు కదా అని బావ కూడా అన్నాడు, "ఏరా, నువ్వు బెంగళూరులో కూర్చుని చెప్తావు, మందు కొనేది నేను" అని. లెక్క వేసి చూపించాను. ఒక పౌండ్ డబ్బాలో 7000 గ్రెయిన్లు, గుండుకి 70 వేసుకున్నా వంద గుళ్ళు. ఆయన పాత పద్ధతిలో పది లోడ్లకి మూడేసి చొప్పున మూడుసార్లు మొదటికి వస్తే తొంభై గుళ్ళు, చేతికి ఏమీ రాదు. అదే డబ్బాతో మూడు లోడ్లు మాత్రమే ఎంచుకుంటే ఒక్కోదానికి ముప్పై గుళ్ళు వస్తాయి, బ్యారెల్‌కి ముందుగా మసి పట్టించడానికి పది మిగులుతాయి. ఏ మూడు అన్నది కూడా మందు గ్రెయిన్లలో వెతకొద్దన్నాను. బుల్లెట్, మందు, ప్రైమర్ కదపకుండా, తుడవడం ఒకటి, మూడుసార్లు ఊదడం ఒకటి, ఆరుసార్లు ఊదడం ఒకటి. ఇప్పుడు బావ రెండోదాని మధ్యలో ఉన్నాడు, మూడోది పూర్తయ్యేదాకా ఏ కాగితమూ ఎవరికీ పంపనని ఒప్పుకున్నాడు.